పచ్చికర్ర భరిణె

ధూమగిరి కోటను చూసినవాడెవడైనా నోరు తెరిచి నిలబడిపోవలసిందే. మబ్బులను మొలనూలుగా చుట్టుకున్న శిఖరం, ఆ శిఖరం నెత్తిన నల్లరాతి ప్రాకారం, బురుజు బురుజుకీ ఆకాశాన్ని నాకుతున్న పొగగొట్టాలు, ఆ పొగలో దారి తప్పి దగ్గుకుంటూ తిరిగే గద్దలు! లోపల అడుగుపెడితే స్ఫటిక దీపాలు, పడగలు విప్పిన నాగుల స్తంభాలు, అద్దంలా మెరిసే నేల. ఇంత వైభవమూ ఉండి ఏం లాభం? ఆ కోట యజమానికి ముక్కు కారడం మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఆయన కరాళకంఠుడు. మహామాంత్రికుడు. పేరు చెబితే సేనాధిపతులు గుర్రాలు దిగి పొదల్లో దూరేవారు. అంతటివాడూ నడివేసవిలో గొంగళి మీద గొంగళి కప్పుకుని, కుంపటి ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి, పళ్ళు టకటకలాడిస్తూ కూర్చునేవాడు. ఎందుకంటే ఆయన ప్రాణం ఒక నల్ల తుమ్మెద. వడగల్లులా చల్లగా ఉంటుంది. మంత్రం వేయాలంటే ఆ తుమ్మెద నాలుక కింద ఉండాలి. అది ఉన్నవాడి ఒంట్లో చలి పుడుతుంది. నూరేళ్ళు నోట్లో పెట్టుకు తిరిగినవాడికి ఎముకల్లో మంచు పేరుకోక ఏమవుతుంది?

ఆ తుమ్మెద కుట్టిందా, మనిషి సింధూరపు చెట్టు దుంగైపోతాడు. కుట్టినచోట నువ్వుగింజంత కన్నం మిగులుతుంది. మళ్ళీ అదే కన్నంలో కుడితే దుంగ మనిషవుతుంది. అయితే రెండోసారి కుట్టించేంత మంచితనం కరాళకంఠుడికి ఏనాడూ కలగలేదు. ఆయనకు కుంపట్లలోకి కట్టెలు కావాలి మరి.

తుమ్మెద నోట్లో ఉండగా నిద్రపోకూడదు. నిద్రలో మింగేస్తే కథ కంచికే. అందుకని పడుకునే ముందు దాన్ని దంతపు భరిణెలో పెట్టి మూత బిగించేవాడు. పాపం, ఒకనాడు గట్టిగా తుమ్మాడు. భరిణె చేయిజారి రాతి నేల మీద పడి ముక్కలైంది. అప్పటినుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. మామూలుగానే దుర్మార్గుడు. దానికి నిద్ర చాలకపోవడం కూడా తోడైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఆయన ఎదుట నిలబడ్డ ఆడమనిషి నూకాలు. అంకుళ్ళపేటలో తరిమెన పట్టి, కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో బొమ్మలూ భరిణెలూ తీసే ఇంటి కోడలు. మనిషి పొట్టి, నోరు పెద్ద. భరిణె చేయడానికి కోటకు వెళ్ళి తిరిగిరాని మొగుడు అప్పన్న కోసం వచ్చింది. పక్కన తాడు చుట్ట భుజాన వేసుకుని, మాసిన పంచెలో నిలబడ్డవాడు ఆమె మూగ తమ్ముడని పేరు. నిజానికి వాడు సువర్ణావతి రాజకుమారుడు రత్నాంగదుడు. అతని తండ్రిగారు పోయిన చలికాలం ఈ కోట కుంపట్లోనే బూడిదయ్యారు. పగ తీర్చుకోవడానికి మారువేషంలో వచ్చాడు. మూగవేషం ఎందుకంటే, నోరు తెరిచాడంటే సమాసాలు తప్ప రావు. దారిలో కలిసిన గంటలోనే నూకాలుకి ఆ సంగతి తెలిసిపోయింది.

"నువ్వేనా వాడి పెళ్ళానివి?" అన్నాడు మాంత్రికుడు, ఎర్రటి కళ్ళు నులుముకుంటూ.

"అవును సామీ. మా మావ ఏడీ?"

"కట్టెల కొట్టంలో ఉన్నాడు. భరిణె చెయ్యరా అంటే వాడేమన్నాడో తెలుసా? కర్ర ఏడాది ఆరాలట! ఏడాది! నేను ఇక్కడ కూర్చుని కళ్ళు పీక్కుంటుంటే నాకు ఏడాది లెక్క చెబుతాడా?"

"ఉన్న మాటే సెప్పాడు గదా సామీ."

"అందుకే దుంగను చేశాను."

నూకాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చిన మాటను పళ్ళకింద నొక్కిపెట్టి, పక్కనే పిడికిళ్ళు బిగిస్తున్న తమ్ముడి కాలు కసుక్కున తొక్కింది. తమ్ముడు మూగవాడు కాబట్టి మూలిగి ఊరుకున్నాడు.

మాంత్రికుడు చప్పట్లు కొట్టాడు. నల్లగా, మొద్దుగా ఉండే బొగ్గుభూతాలు రెండు ఒక పెద్ద మానును ఈడ్చుకొచ్చి ఆమె ముందు పడేశాయి. అది కోట పాత సింహద్వారానికి అడ్డగడియగా ఉన్న కొండసింధూరం. వెయ్యేళ్ళ నాటిది. ఎండలో ఎండి, వానలో తడిసి, మళ్ళీ ఎండి, కాటుకలా నల్లబడిపోయింది. దానిలో దిగిన ఇనుప మేకులు తుప్పుపట్టి వేలాడుతున్నాయి.

"ఇక ఇది ఏడాది ఆరనక్కరలేదుగా?" అన్నాడు కరాళకంఠుడు.

నూకాలు వంగి దాన్ని వేలి గణుపుతో కొట్టింది. ఖంగుమంది. అబ్బ, ఏం కర్ర! ఇక ఇది వంగదు, కుంగదు, పగలదు. ఇలాంటి కర్ర మీద ఒక్కసారైనా ఉలి ఆనించాలని తరిమెన పట్టే ఏ చేతికి ఉండదు? మావ చూసుంటే దీన్ని కావలించుకుని పడుకునేవాడు. ఆ మాట తోచగానే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

"దీపాలు పెట్టేవేళకి భరిణె నా చేతిలో ఉంటే నీ మొగుడు మనిషవుతాడు. లేకపోతే ఈ కుంపట్లోకి వెళతాడు."

"మరి ఆ దుంగల్లో మా మావ ఏదో సూపించండి సామీ."

"నాకేం గుర్తు! అన్నీ దుంగలే," అని మాంత్రికుడు ఆవులించబోయి, నోట్లో తుమ్మెద ఉందని గుర్తొచ్చి చటుక్కున నోరు మూసుకున్నాడు.

*

తరిమెనకు గుంజలు కావాలి, గుంజలకు కర్ర నేనే ఏరుకోవాలి అని వంక పెట్టి నూకాలు కట్టెల కొట్టంలో జొరబడింది. ఆ కొట్టం ఒక ఊరంత ఉంది. ఎండుకట్టెలు ఒక పక్క కొండలా పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు నడిచి, తిని, నవ్విన దుంగలు చాలావరకు పొగైపోయాయి. మొన్నమొన్న కొట్టిన పచ్చి సింధూరపు మొద్దులు గుమ్మం దగ్గర జిగురు కారుస్తూ పడి ఉన్నాయి. మనిషి మారిన దుంగ కూడా కొత్తలో పచ్చిగానే ఉంటుంది. అంటుకోక పొగ పెడుతుందని బొగ్గుభూతాలు అలాంటివాటిని కూడా ఆ మొద్దుల్లోకే విసిరేసేవి.

నూకాలు ఒక్కో మొద్దునూ దొర్లించి చూసింది. చేతులు గీరుకుపోయాయి. ఆఖరికి గోడవార పడున్న ఒక గిడస దుంగకు పక్కనే చిటికెన వేలంత పిలక కనిపించింది. అప్పన్న ఎడమచేతికి ఆరో వేలుంది. ఊరంతా ఎగతాళి చేసే వేలు.  దుంగను తిప్పింది. మధ్యలో నువ్వుగింజంత కన్నం.

"మావా!" అని దుంగను గట్టిగా కావలించుకుని భోరుమంది నూకాలు. "ఎన్నిసార్లు సెప్పాను, పెద్దోళ్ళ ముందు ఉన్నదున్నట్టు మాటాడకని! ఇన్నావా? ఇంటే నువ్వు నా మొగుడివెలా అవుతావు!"

రత్నాంగదుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "భద్రే! దుఃఖాన్ని ఉపసంహరించుకొనుము. శత్రుగృహమున శోకము..." అన్నాడు.

"నోరు ముయ్యి బాబూ, పని సూడు. ఆ కాళ్ళేపు పట్టుకో. అవి కాళ్ళే అనుకుంటాను."

ఇద్దరూ అప్పన్నను మోసుకొచ్చి దర్బారు పక్కనున్న వసారాలో దించారు. గొడ్డలితో నరికి ఒక పచ్చి సింధూరపు కొమ్మను కూడా తెచ్చుకున్నారు. గుంజలు పాతి తరిమెన నిలబెట్టారు. రెండు గుంజల మధ్య కర్ర బిగించి, దానికి తాడు చుట్టి, ఒకరు ఆ కొసా ఈ కొసా లాగుతుంటే కర్ర గిర్రున తిరుగుతుంది. రెండోవాళ్ళు ఉలి ఆనిస్తారు. తాడు లాగేది రాజకుమారుడు. ఏనుగుల తొండాలు వంచానని చెప్పుకున్న ఆ చేతులు తాడు నాలుగు లాగులు లాగేసరికి బొబ్బలెక్కాయి.

నూకాలు తరిమెనకు బిగించింది గడియమాను ముక్కను కాదు. పచ్చి కొమ్మను. రాజకుమారుడు కళ్ళప్పగించి చూశాడు.

"ఇదేల? ఆ ప్రాచీన దారువు ఉండగా?"

"ఆ పాత కర్రతో సేత్తే భరిణె నూరేళ్ళు నిక్కచ్చిగా ఉంటాది బాబూ. ఆడు హాయిగా నిద్రోతాడు. నిద్రలేచి మనిద్దరికీ తుమ్మెద సూపిత్తాడు. ఆడు మాట నిలబెట్టుకుంటాడని నువ్వు నమ్మినావేటి? పచ్చికర్రతో సేత్తే ఇప్పుడు గుండ్రంగానే ఉంటాది. ఆరేకొద్దీ కోలగా సాగిపోతాది. ఆడి కుంపటి పక్కన పెడితే మరీ తొందరగాను. భరిణె ఒకేపు ఈడ్సుకుపోతాది, మూత ఇంకోయేపు ఈడ్సుకుపోతాది. ఇంక దాని మూత బెమ్మదేవుడికి కూడా రాదు. పురుగు లోపల. నోట్లో పురుగు నేకపోతే ఆడికి మంత్రం నేదు. అప్పుడు మూత కోసి తీసేది నేనే. మా మావని కుట్టిత్తానంటేనే కోత్తాను."

రాజకుమారుడి ముఖం వికసించింది. మరుక్షణం గంభీరమైంది. "తరువాత ఆ తుమ్మెదను నేను సంహరించెదను. తండ్రిగారి చితాభస్మం మీద ప్రతిజ్ఞ చేసితిని. అప్పుడు నీవు అడ్డు చెప్పరాదు."

"మా మావ మనిషైన మరునిమిషం ఆ పురుగుని నువ్వు నరుక్కుంటావో నలుపుకుంటావో నాకెందుకు? నేను అడ్డొత్తే అడుగు. నా ఉలి మీద ఒట్టు."

ఆమె ఉలిని కళ్ళకద్దుకుంది. తరిమెన వాళ్ళకు దానికి మించిన ఒట్టు లేదు.

ఇక చూడాలి ఆ చేతుల చలవ! తాడు రయ్యిమంది. పచ్చి సింధూరం పుల్లటి వాసన కొడుతూ తడితడిగా విచ్చుకుంది. ఉలి కొసనుంచి పొట్టు పొడవాటి రిబ్బనులా చుట్టలు చుట్టలుగా లేచి, నూకాలు మోచేతుల మీదుగా జారి, రాజకుమారుడి కిరీటం లేని తల మీద వాలింది. చూస్తుండగా కొమ్మకు నడుమొచ్చింది, పొట్ట వచ్చింది, అంచు వచ్చింది. మూతకు తామరమొగ్గలాంటి పిడి మొలిచింది.

సరిగ్గా అప్పుడే ఒక బొగ్గుభూతం వసారాలోకి వచ్చింది. కుంపటికి కట్టె తగ్గిందట. తిన్నగా అప్పన్న దగ్గరకు పోయి, దుంగను వాసన చూసి, "ఆరిందా?" అంది.

 నూకాలు ఒక్క గెంతు గెంతి వచ్చి దుంగ మీద చతికిలబడింది.

"ఇది నేను కూకునే మొద్దు! నడుం నొప్పి నాకు, కింద కూకోలేను. దీన్ని ముట్టుకున్నావంటే పని ఆపేత్తాను. మీ సామికి నిద్దర నేకుండా సేసింది ఎవరంటే నీ పేరే సెప్తాను!"

మాంత్రికుడి నిద్ర మాట చెవిన పడగానే ఆ భూతం బెంబేలెత్తి వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. నూకాలు మాత్రం మొద్దు మీదనుంచి లేవలేదు. మిగతా పనంతా అలాగే కానిచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ మొగుడు ఎదురు చెప్పకుండా ఇంతసేపు ఉండడం ఆమె ఎరగదు. ఇంట్లో ఉంటే ఈపాటికి వంకలు మొదలెట్టేవాడు. ముఖ్యంగా ఒక వంక. కొమ్మకు నట్టనడుమ మెత్తటి బెండు ఉంటుంది. దాన్ని తప్పించి పక్క చెక్కతోనే పని చేయాలని అప్పన్న పోరు పెట్టేవాడు. నడుమ బెండు వదిలితే ఎప్పుడో ఒకప్పుడు అక్కడే పగులుతుందని రోజూ ఇదే పాట. తప్పిస్తే కర్ర వృథా అని నూకాలు మొండికేసేది. ఇవాళ తొందరలో ఆమెకు ఆ పాట గుర్తుకే రాలేదు.

ఇక రంగు. గడియమానుకున్న తుప్పు మేకులను పీకి, వంటింటి నుంచి తెప్పించిన పులిసిన గంజిలో వేసి, నిప్పుల మీద పెట్టింది. బట్టలకు నల్ల అద్దకం వేసేవాళ్ళు చేసే పనే అది. ఆ నీళ్ళతో భరిణెను రుద్దగానే పచ్చి సింధూరం బుసబుసమంటూ కాటుకలా నల్లబడింది. వెయ్యేళ్ళ ముసలితనం రెండు దోసిళ్ళ నీళ్ళతో వచ్చేసింది. అసలు గడియమాను ముక్కను కూడా ఒకసారి తరిమెనకెక్కించి, ఊరికే ఒక బొంగరం తీసింది. నేల మీద నల్లపొట్టు పడాలి కదా! తెల్లపొట్టునంతా రాజకుమారుడు నల్లపొట్టు కింద కుక్కాడు. దాని అడుగున, తాడు చుట్టలో దాచి తెచ్చిన అతని కత్తి కూడా ఉంది.

*

"అయ్యిందా? అయ్యిందా?" అంటూ కరాళకంఠుడు కుంపటి పక్కనుంచే కేకలు పెట్టాడు.

నూకాలు భరిణె పట్టుకుని, తమ్ముడి చేత మొద్దు మోయించుకుంటూ దర్బారులోకి వెళ్ళింది. మాంత్రికుడు భరిణె అందుకుని బరువు చూశాడు.

"బరువుగా ఉందే?"

"సేవ దేరిన గట్టి కర్ర సామీ. తేలిగ్గా ఉంటే అనుమానించాలి."

భరిణెను నేల మీద పెట్టి గిర్రున తిప్పాడు. వంకర లేకుండా తిరిగింది. మూత తీశాడు, పెట్టాడు. ఇసుమంత చప్పుడు లేదు. వసారాలోకి తొంగిచూసి నల్లపొట్టును చూశాడు. తృప్తిగా తలూపబోయి ఆగాడు. అతని చూపు నూకాలు చేతుల మీద పడింది.

"ఆ వేళ్ళు నల్లబడ్డాయేం?"

నూకాలు వేళ్ళు చూసుకుంది. ఇనుమూ, పచ్చి సింధూరపు తడీ కలిసిన చేతులు నల్లబడక మానవు. ఎండిన పాతకర్ర అయితే ఇలా అంటదు.  

"ఏటి సామీ, అదీ అడగాలా?" అని నూకాలు ఒక్కసారిగా శోకాలు మొదలెట్టింది. "మీ ముందుకు వత్తున్నానని కాటుక ఎట్టుకొచ్చాను! మొగుడు గుర్తొచ్చి ఏడ్సి, ఏడ్సి, తుడుసుకుని, తుడుసుకుని..." అంటూ ఆ వేళ్ళతోనే కళ్ళకింద బర్రున రుద్దేసుకుంది. ముఖమంతా నల్లచారలు. "ఓలమ్మో, నా మావో!"

"చాలు చాలు, ఆపు!" అన్నాడు మాంత్రికుడు చెవులు మూసుకుని. నిద్ర చాలనివాడు దేన్నైనా భరిస్తాడు గానీ ఏడుపును భరించలేడు.

నాలుక కిందనుంచి తుమ్మెదను తీశాడు. నీలపు రాయిలా తళతళలాడింది. గదిలో ఒక్కసారి చలిగాలి వీచింది. దాన్ని భరిణెలో పెట్టి, మూత బిగించి, భరిణెను రెండు చేతులా గుండెకు హత్తుకుని, కుంపటికి మరింత దగ్గరగా జరిగి పడుకున్నాడు. తల దిండును తాకీ తాకకముందే గురక అందుకున్నాడు. స్ఫటిక దీపాలు గలగలలాడాయి.

రాజకుమారుడు కత్తి కోసం వసారా వైపు అడుగు వేయబోతే నూకాలు పంచె పట్టుకు లాగింది.

"ఆగు బాబూ. పురుగు భరిణెలో ఉండగా ఆణ్ణి నరికితే ఏటి లాభం? మళ్ళీ అతుక్కుంటాడు. కర్రని దాని పని సెయ్యనీ."

దుంగ మీద కూర్చుని ఇద్దరూ ఎదురుచూశారు. పొద్దు పడమటికి వాలుతున్నకొద్దీ భరిణె అంచు మెల్లమెల్లగా కోడిగుడ్డు వాటం పట్టింది. నూకాలు పెదవుల మీదికి నవ్వొచ్చింది. దుంగను అరచేత్తో తట్టి, "ఇంకాసేపే మావా," అంది.

కరాళకంఠుడు మేలుకున్నాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. ముఖం కళకళలాడింది.

"భేష్! ఎన్నాళ్ళకు పట్టింది నిద్ర! నీవంటి పనిమంతురాలిని వదులుకుంటానా? నువ్వూ, నీ తమ్ముడూ ఇక్కడే ఉండిపోండి. కొట్టంలో చోటు చాలా ఉంది," అని నవ్వుతూ మూత తిప్పాడు.

మూత తిరగలేదు.

రెండోసారి తిప్పాడు. గొంగళి కొంగు చుట్టి తిప్పాడు. మోకాళ్ళ మధ్య బిగించి తిప్పాడు. ఆఖరికి పళ్ళతో కరిచి లాగాడు. ముందరి పన్ను కదిలింది గానీ మూత కదల్లేదు.

"ఏం చేశావే!" అని గావుకేక పెట్టాడు.

"నేనేటి సేసాను సామీ? కర్ర సేసింది," అంది నూకాలు మొద్దు మీద కాలు మీద కాలు వేసుకుని. "మూత కోసి తీయడం నాకొచ్చు. నాకొక్కదానికే వచ్చు. పురుగు బయటకి రాగానే మొదట ఈ దుంగని కుట్టాలి. సరేనంటే తరిమెన ఎక్కిత్తాను. నేదంటే నీ ప్రాణం అందులోనే ఊరగాయలాగ ఊరుతాది."

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. కన్ను పక్కకు తిప్పి చూశాడు. కుంపటి భగభగమంటోంది. వంటింట్లో ఇత్తడి డబ్బా మూత పట్టేస్తే నిప్పు మీద కాచి తీయడం అతను చూశాడు. మహామంత్రాలన్నీ తెలిసినవాడికి ఇత్తడికీ కర్రకీ తేడా తెలియలేదు.

"నువ్వు నాకు అక్కరలేదు!" అంటూ భరిణెను తీసుకెళ్ళి సెగలో పెట్టాడు.

"వద్దు సామీ! వద్దు!" అని నూకాలు అరిచింది. అరుస్తుండగానే ఆమెకు బెండు గుర్తొచ్చింది. కొమ్మ నట్టనడుమ మెత్తటి బెండు, తను తప్పించకుండా వదిలేసిన బెండు. మూత పట్టేయడం వరకు ఆలోచించింది గానీ, పగులుతుందని ఆలోచించలేదు. తప్పు తనదే.

ఫట్!

భరిణె అడుగునుంచి మూతదాకా నిలువునా విచ్చుకుంది. ఝుమ్మంటూ తుమ్మెద బయటపడింది.

మాంత్రికుడు దాన్ని పట్టబోయి కుంపటి మీద పడ్డాడు. గొంగళి అంటుకుంది. రాజకుమారుడు మూగవేషం మరిచిపోయి, "ఓరీ దురాత్మా! నిలు నిలు!" అని గర్జించి, వసారాలోకి దూకి పొట్టులోంచి కత్తి దూశాడు. "తమ్ముడికి మాటలొచ్చాయి!" అంటూ బొగ్గుభూతాలు కకావికలై పరుగెత్తాయి. తుమ్మెద స్తంభాల చుట్టూ తిరిగింది. కత్తి వెనకే తిరిగింది. ఒక నాగుపడగ తెగింది, మూడు దీపాలు రాలాయి, మాంత్రికుడి గడ్డం సగం పోయింది. తుమ్మెదకు మాత్రం గాలి కూడా తగల్లేదు.

తుమ్మెదకు కర్రలో తొర్రకన్నా సుఖమైన చోటు ఏముంటుంది? పైగా తను వేసిన కన్నమే. అది తిన్నగా వచ్చి, నూకాలు చీరకుచ్చెళ్ళ పక్కనుంచి జారి, దుంగకున్న నువ్వుగింజంత రంధ్రంలో దూరింది. కుట్టింది గానీ బయటికి రాలేదు. లోపలికే వెళ్ళిపోయింది.

దుంగ కంపించింది. నూకాలు ఎగిరి పక్కన పడింది. బెరడు పెళపెళమని రాలింది. పిలక ఆరో వేలైంది. గణుపులు మోకాళ్ళయ్యాయి. నడుం పట్టుకుని, మూలుగుతూ, పొట్టు దులుపుకుంటూ అప్పన్న లేచి కూర్చున్నాడు. పెళ్ళాన్ని చూశాడు. ఆమె నల్లటి ముఖాన్ని చూశాడు. తర్వాత నేల మీద రెండు చెక్కలై పడున్న భరిణెను చూశాడు. దాన్ని అందుకుని వెలుతురులో పెట్టి, కళ్ళు చిట్లించాడు.

"ఓలే నూకాలూ," అన్నాడు, "నడుమ బెండు ఒగ్గేసినావు గదే!"

నూకాలుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఒగ్గేసాను మావా, ఒగ్గేసాను! ఎన్నయినా తిట్టు!" అని అతని మెడ చుట్టేసింది.

అవతల కరాళకంఠుడు కాలుతున్న గొంగళిని విసిరికొట్టాడు. దాని కింది గొంగళిని తీసేశాడు. దాని కిందిదాన్నీ తీసేశాడు. నూరేళ్ళలో మొదటిసారి అతని నుదుటిమీద చెమట పట్టింది. ఒంటిమీద పంచె తప్ప ఏమీ లేకుండా నిలబడి, పగలబడి నవ్వాడు.

"కానియ్యరా రాజకుమారా! ఆ గర్జన వినగానే రాచబిడ్డవని తెలిసింది. నా మంత్రం పోయింది, ఒప్పుకుంటాను. కానీ నా ప్రాణం ఇప్పుడు వాడి గుండెలో ఉంది. నన్ను నరికితే అతుక్కుంటాను. వాణ్ణి నరికితే చస్తాను. ఏది కావాలో కోరుకో!"

రత్నాంగదుడి కత్తి గాలిలో ఆగిపోయింది. అతను మాంత్రికుణ్ణి చూశాడు. కుంపట్లోని బూడిదను చూశాడు. ఆ చూపు అక్కడ చాలాసేపు నిలిచింది. తర్వాత నెమ్మదిగా అప్పన్న వైపు తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. కత్తి మాత్రం దిగలేదు.

"నూకాలూ," అన్నాడు, ఈసారి సమాసాలేమీ లేకుండా. "నీ మావ మనిషయ్యాడు. నువ్వు ఉలి మీద ఒట్టు వేశావు."

నూకాలు మొగుణ్ణి వదిలింది. ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. ఏ ఉలి మీద ఒట్టు వేసిందో ఆ ఉలినే రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. దాన్ని కర్ర మీద తప్ప దేనిమీదా ఎత్తని చేతులవి. 

"ఏసాను బాబూ. కాదన్లేదు," అంది. "రా మరి."

రాజకుమారుడు ఒక అడుగు వేశాడు. మాంత్రికుడు ఆసక్తిగా గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

వెనకనుంచి అప్పన్న పళ్ళు, అచ్చం ఒకప్పటి కరాళకంఠుడి పళ్ళలాగే, టకటకమని కొట్టుకోవడం వినబడింది.

"సలేత్తందే నూకాలూ," అన్నాడు, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని. "ఏదైనా కప్పవే."